మూతల్లేని బావులు

వంటింటి తలుపు పక్కన మేకుకి ఉండాల్సిన పుట్టగొడుగుల బుట్ట లేదు. రోజాలియా ఇల్లంతా వెతికింది. మొగుడు వాలెంటి మంచం మీద లేడు, పెరట్లో కుందేళ్ళ గూటి దగ్గరా లేడు. బుట్ట కూడా లేదంటే అడవికి వెళ్ళాడన్నమాటే. ఈ ఊళ్ళో అడవి అంటే ఒక్కటే, చెట్లు మొలిచి పాడుబడ్డ ఫ్యాక్టరీ.

వాలెంటికి మతి సరిగా లేక చాలాకాలమైంది. కట్టుకున్న పెళ్ళాన్ని ఒకరోజు అమ్మా అంటాడు, ఇంకోరోజు పోస్టు తెచ్చే ఆవిడనుకుని ఉత్తరాలేవీ అంటాడు. అలాంటి మనిషి ఆకులు రాలే రోజుల్లో ఒంటరిగా ఫ్యాక్టరీలోకి వెళ్ళడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని గోడ మీద నడవడమే.

కంచె అవతల లుడ్వికా శీతాకాలానికి ఊరబెట్టడానికి క్యాబేజీ తరుగుతోంది.

"మా ముసలోణ్ణి చూశావటే?"

"తెల్లారగానే పోయాడుగా! ఎక్కడికయ్యా పొద్దున్నే అంటే పెళ్ళికన్నాడు. నీ నెత్తిన సవతిని తెచ్చి పెడతాడేమో, చూసుకో." నవ్వబోయిన లుడ్వికా రోజాలియా మొహం చూసి కత్తి కింద పెట్టేసింది. "చేతిలో బుట్ట ఉందే... ఫ్యాక్టరీకా? అమ్మో, నా తల్లీ! ఉండు, ఫైరింజను వాళ్ళకి ఫోన్ కొడతా. ఆ తుంటి నొప్పితో నువ్వెక్కడికే!"

"నువ్వు ఫోన్ కొట్టు. నేను నడుస్తూ ఉంటా."

యుద్ధంలో జర్మన్లు అక్కడ తుపాకిమందు చేసేవాళ్ళు. విమానాలకు కనపడకూడదని కప్పుల మీద మట్టి పోసి పైన్ మొక్కలు నాటారు. నానా దేశాల నుంచి చెరపట్టి తెచ్చిన ఆడవాళ్ళ చేత ఆ కప్పుల కింద చాకిరీ చేయించారు. వాళ్ళలో ఎందరు తిరిగి ఇళ్ళు చేరారో దేవుడికే తెలియాలి. యుద్ధం ముగిసింది, జర్మన్లు పోయారు, సరిహద్దులు మారాయి. తూర్పున ఉన్న పోలిష్ కుటుంబాలను పశువుల రైలుపెట్టెల్లో ఎక్కించి తెచ్చి, ఇకమీదట ఇదే మీ ఊరు అని ఇక్కడ దించారు. రోజాలియా అలా దిగిన పిల్లే. పక్కనే అదే దుప్పట్లో దూరి వచ్చిన నేస్తం హొనొరాటా.

ఇది తమ ఊరని ఎవరు నమ్మారు కనుక! జర్మన్లు రేపో మాపో తిరిగి వస్తారు, మనల్ని మళ్ళీ రైలెక్కిస్తారు, ఈలోగా దొరికింది దొరికినట్టు పట్టుకుపోదామనుకున్నారు. ఫ్యాక్టరీ ఇటుకలతో పందుల దొడ్లు లేచాయి. చర్చి ప్రహరీ కూడా ఆ ఇటుకే. రోజాలియాను పెళ్ళాడిన కొత్తలో వాలెంటి వంతుకు ఇనుము వచ్చింది. ఫ్యాక్టరీ నిండా నేలలోకి దిగే లోతైన బావులు, ఒక్కోదాని మీద ఒక్కో బరువైన ఇనప మూత. ఆ మూతలన్నీ ఊడదీసి, తోపుడు బండి మీద తోసుకెళ్ళి, పాత ఇనుము కొనేవాడికి అమ్మేశాడు. మంచి కండ ఉన్న వయసు మరి!

తర్వాత రెండేళ్ళకు హొనొరాటా పుట్టగొడుగులకని వెళ్ళి, ఆకులు కప్పిన బావిలో పడిపోయింది. మూడోరోజుకి గానీ దొరకలేదు. దొరికేటప్పటికి ప్రాణం లేదు. పోలీసులు ఇంటింటికీ తిరిగి మూతలెవరు తీశారని అడిగితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ప్రతివాడూ తన పందుల దొడ్డి వైపు చూసుకున్నాడు. ఎవరి పేరు చెప్తే ఎవరి ఇటుకలు బయటపడతాయో! తిలాపాపం తలా పిడికెడు. ప్రమాదం అని రాసుకుని పోలీసులు వెళ్ళిపోయారు.

ఆ ఏడాది నుంచి, ఆకులు రాలడం మొదలయ్యే ముందు రోజాలియా గొడ్డలి పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళేది. పొడుగాటి కర్రలు నరికి, మనిషెత్తున పైకి కనపడేలా ఒక్కో బావి అంచున పాతి వచ్చేది. కర్ర కనపడితే పక్కకు తొలగాలని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమె గొడ్డలి తీయగానే వాలెంటి గోడవైపు తిరిగి పడుకునేవాడు. వస్తానని అన్న పాపాన పోలేదు. బంగాళాదుంపల గురించి మాట్లాడుకున్నారు, పంది గురించి పోట్లాడుకున్నారు, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేశారు. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఇద్దరి నోళ్ళకూ తాళమే. చేసింది నువ్వు, మోస్తున్నది నేను అని ఆమె లోపల్లోపల కుమిలిపోయింది. ఒక్కమాట, 'తప్పయిపోయిందే' అని ఒక్కమాట ఆయన నోట వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. మతి పోయాక ఆ ఆశా పోయింది.

ఈసారి తుంటి నొప్పితో ఆమె కర్రలు పాతడానికి వెళ్ళలేదు. మొదటిసారి వెళ్ళకపోవడం, ఈయన బుట్ట పట్టుకుని బయల్దేరడం! రాత ఎలా ఉందో చూడండి.

విరిగిన గేటు దాటి లోపలికి నడిచింది. తుప్పు పట్టిన పట్టాల మధ్య బర్చ్ చెట్లు లేచాయి. పెద్ద పెద్ద షెడ్లు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. లోపల నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్న చప్పుడు. పోయినేడు పాతిన కర్రలు కొన్ని చివికి ఒరిగిపోయాయి, కొన్ని కనిపించనేలేదు. కనిపించని ప్రతిచోటా చేతికర్రతో ఆకులు కెలికి, బావి అంచున మోకాళ్ళ మీద కూలబడి, "వాలెంటీ!" అని లోపలికి కేకేసింది. ఆమె గొంతే ఆమెకు తిరిగొచ్చింది. ఒక్కో బావి దగ్గర ఒక్కోసారి చచ్చి బతికింది. దేవుడా, ఆయన్ని ఇలా తీసుకుపోకు, ఇలా మాత్రం వద్దు అని ఏడుస్తూ నడిచింది.

బాయిలర్ల షెడ్డు దాటాక ఓ కేక వినపడింది.

"ఆగక్కడే! అడుగు వెయ్యొద్దు!"

వాలెంటి బావి అంచున నేల మీద కూర్చుని, రెండు చేతులూ అడ్డం చాపి ఉన్నాడు. టోపీ లేదు. పెదాలు చలికి నీలంగా మారాయి.

"ఇటు రాకండమ్మా, చుట్టూ తిరిగి వెళ్ళండి. ఈ బావికి మూత లేదు. పైన ఆకులు రాలాయా, చూడ్డానికి నేల్లాగే ఉంటుంది."

బతికున్నాడు! రోజాలియా ఎదురుగా ఉన్న మొండిగోడ మీద కూలబడింది.

"ఎప్పట్నుంచి కూర్చున్నారిక్కడ?"

"పొద్దుట్నుంచీ. నే లేస్తే ఎవరో ఒకరు పడతారు. ఇదివరకు ఓ ఆడకూతురు పడింది. నవ్వుమొహం పిల్ల. పాపం, కేకలు పెట్టే ఉంటుంది. ఎవరికి వినపడుతుంది?"

"మూత ఏమైందండీ?" అంది. అన్నేళ్ళుగా గొంతులో అడ్డంపడ్డ ప్రశ్న, పరాయి మనిషిని అడిగినట్టు బయటికి వచ్చేసింది.

"ఎవడో దొంగసచ్చినోడు ఎత్తుకుపోయి అమ్ముకున్నాడు. వాడి చేతులు పడిపోను!" వాలెంటి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిద్రెట్టా పట్టిందో వాడికి."

ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట ఇదే. విన్నాక రోజాలియాకు సంతోషం కలగలేదు. వాడికి నిద్ర పట్టలేదయ్యా, గోడవైపు తిరిగి పడుకునేవాడు అని చెప్పాలనిపించింది. అంతలో వాలెంటి ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు.

"అది సరేగానీ, వాడికి పెళ్ళాం లేదంటారా? మొగుడు రోజూ ఇనుము దొర్లించుకొస్తుంటే, ఇదెక్కడిదయ్యా అని ఒక్కమాట అడగదా?"

 మూతలు అమ్మిన ఏడాది రోజాలియా ఇంటికి తెల్లటి ఎనామెల్ పొయ్యి వచ్చింది. ఊళ్ళో అలాంటిది అదే మొదటిది. డబ్బెక్కడిదని ఆమె అడగలేదు. అడిగితే చెప్తాడని భయం. మెరిసేదాకా తుడిచి, ఇరుగుపొరుగును పిలిచి చూపించుకుంది. హొనొరాటా కూడా వచ్చి, "నీ అదృష్టమే అదృష్టమే!" అని బుగ్గ గిల్లి వెళ్ళింది.

"ఉందండీ పెళ్ళాం," అంది చివరికి. "అడగలేదు. ఇంట్లోకి కొత్త పొయ్యి వచ్చిందని మురిసిపోయింది."

"చూశారా మరి!" అన్నాడు వాలెంటి. "అయితే పాపం ఇద్దరిదీనండీ."

"ఇద్దరిదీనయ్యా. ఇద్దరిదీ," అని రోజాలియా మొహం చేతుల్లో దాచుకుని భోరుమంది.

వాలెంటి కంగారుపడిపోయాడు. బావిని వదిలి రాలేడు, ఏడుస్తున్న మనిషిని చూస్తూ ఊరుకోలేడు. అక్కణ్ణుంచే చెయ్యి చాపాడు.

"అయ్యయ్యో, ఊరుకోండమ్మా. మీరేం చేశారని ఏడుస్తున్నారు?"

ఆమె లేచి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ఫైరింజను వాళ్ళు వచ్చేదాకా ఇద్దరూ ఆ బావికి కాపలా కూర్చున్నారు.