అబ్దలీ తోటలో ఐదు ఫోన్లు

అబ్దలీ వెళ్ళడం నాకు సుతరామూ ఇష్టం లేదని మా ఆయనకి తెలుసు. తెలిసీ పెట్రోలు కొట్టించుకొచ్చారు.

"పదేళ్ళ స్నేహం. ఒక గొలుసు కోసం వదులుకోమంటావా?"

"గొలుసు కోసం కాదు. నన్ను దొంగ అన్నందుకు."

ఆయన స్నేహితుడిదీ మాదీ కోనసీమే. ఈ ఎడారి దేశంలో, మహబూలాలో ఒకే ఫ్లాటులో చెరో గది తీసుకుని రెండేళ్ళున్నాం. వంటిల్లు ఒక్కటే. ఓ రోజు ఆ స్నేహితుడి భార్య గొలుసు కనబడలేదు. నేను కూరలకి వెళ్ళి వచ్చేసరికి నా బియ్యం డబ్బా బోర్లించి ఉంది, నేలంతా బియ్యం. మర్నాటికల్లా బిల్డింగులో తెలుగువాళ్ళందరికీ చెప్పేసింది. నేను లిఫ్ట్ ఎక్కితే ఆడవాళ్ళు చేతిసంచులు దగ్గరికి లాక్కునేవారు. మేం అహ్మదీ మారిపోయాం. ఆ స్నేహితుడు ఇరాక్ సరిహద్దు దగ్గర అబ్దలీలో ఒక తోటకి సూపర్‌వైజరుగా కుదిరి భార్యని తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళుగా ఆవిడకీ నాకూ మాటల్లేవు.

శుక్రవారం పొద్దున్న బయల్దేరాం. మే నెల. జహ్రా దాటకముందే ఏసీ ఆగిపోయింది. అద్దాలు దింపితే ఇసుక, ఎత్తితే ఉడుకు. వెనక సీట్లో మా ఏడేళ్ళ పాప రెండుసార్లు కక్కుకుంది.

"వెనక్కి తిప్పండి," అన్నాను.

"నోరు మూసుకుని కూర్చో."

చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే కార్డులు, అడిగితే మాత్రం ఆయన గొంతు తేనెలా మారిపోయింది. మిగిలిన దారంతా నేను ఆయన వైపు చూడలేదు.

తోటలో వాళ్ళింటి తలుపు తీసింది ఆవిడే. "రండి వదినా" అంటూ నవ్వింది. మెడలో గొలుసు. కొక్కెం తెగితే అమలాపురంలో అతికించిన చోట ఎర్రగా మరక ఉండేది. ఆ మరక అలాగే ఉంది.

"ఎప్పుడు దొరికింది?" అన్నాను గుమ్మంలోనే.

ఆవిడ చెయ్యి మెడ మీదికి వెళ్ళింది. "మీరు వెళ్ళిన వారానికి. దిండు గలీబులో."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను వదినా? అప్పటికే అందరికీ చెప్పేశాను కదా." తలొంచుకుని గొణిగింది: "అన్నయ్యగారికి మాత్రం మా ఆయన అప్పుడే చెప్పేరు."

వెనక్కి తిరిగి మా ఆయన్ని చూశాను. ఆయన పాప చెప్పులు విప్పుతున్నారు, తల ఎత్తకుండా.

"మళ్ళీ గొడవెందుకని..." అన్నారు.

ఎక్కడలేని చల్లదనం వచ్చింది నాకు. లోపలికెళ్ళి సోఫాలో కూర్చున్నాను. "ఫోన్ తియ్యి," అన్నాను ఆవిడతో. ఎప్పుడూ మీరు అనేదాన్ని. "ఎవరెవరికి చెప్పావో అందరికీ ఇప్పుడు చెప్పు."

మొదట మూడో అంతస్తు ఆవిడకి చేసింది. "గొలుసు నా దగ్గరే ఉందండీ. వదిన తియ్యలేదు." ఇంకొకరికి చేసింది. మూడో ఫోనుకి ఏడుపందుకుంది.

"ఇక చాలమ్మా, మీకు దండం పెడతాను," అన్నాడు ఆవిడ మొగుడు.

"ఇంకా ఇద్దరున్నారు," అన్నాను.

ఆ ఇద్దరికీ కూడా చేసేదాకా కదల్లేదు. చేపల పులుసు వండి పెట్టింది, తోటలో దోసకాయలు కోసి పెట్టింది. పాపకి మాత్రం పెరుగన్నం తినిపించి లేచాను. మా ఆయన కంచం ముందు కూర్చుని కలుపుకున్న అన్నం వదిలేసి రావలసి వచ్చింది.

ముత్లా గుట్ట దిగుతుండగా అడిగారు: "ఇప్పటికైనా నీ కోపం తీరిందా?"

"ఆవిడ ఐదుగురికి ఫోన్ చేసింది. మీరు ఎవరికి చేస్తారు?"

ఆయన గేరు మార్చారు. ఆవిణ్ణి మళ్ళీ నేను కలవలేదు. నాలుగేళ్ళు నా పక్కన పడుకుని ఆ మాట దాచిన మనిషితో మాత్రం అదే ఇంట్లో కాపురం చేశాను. ఆ వేసవంతా ఆయనకి అన్నం వడ్డించి, గదిలోకెళ్ళి తలుపేసుకునేదాన్ని.