తలుపు ఏ రంగు?

తలుపుల సార్‌కి జీవితంలో ఉన్నది ఒక్కటే ప్రశ్న. ఎవరు ఏ ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టినా, దాన్ని తెరవకుండానే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "తలుపు ఏ రంగు?" అని అడిగేవారు. ఇల్లు కాలిపోయిందన్న ఫైలైనా అంతే, దుకాణంలోకి నీళ్ళొచ్చాయన్న ఫైలైనా అంతే. రంగు చెప్పలేనివాళ్ళు ఫైలు చంకన పెట్టుకుని వెనక్కి నడవాల్సిందే. ఓసారి కంపెనీ పెద్దాయన తనిఖీకి వచ్చి, "మీ విభాగం ఎలా ఉంది?" అంటే, "బాగానే ఉందండీ. ఇప్పుడు మీరు లోపలికొచ్చిన తలుపు ఏ రంగు?" అన్నారట. సార్‌కి రావలసిన ప్రమోషను ఆ గుమ్మం బయటే ఆగిపోయింది.

ఆ బీమా కంపెనీకి పదకొండంతస్తుల భవనం ఉండేది. ఏటా సెలవుల్లో ఎనిమిదిమంది విద్యార్థుల్ని శిక్షణకు తీసుకునేవాళ్ళు. శిక్షణ అంటే, కిందటేడు తీసేసిన గుమాస్తాల కుర్చీల్లో కూర్చుని వాళ్ళ పని చేయడం. మొదటిరోజే మేనేజరు వచ్చి, "మీలో ఎక్కువ ఫైళ్ళు మూసినవాళ్ళకి ఇక్కడే ఉద్యోగం" అని చెప్పి వెళ్ళేవాడు. ఫైలు మూయడానికి దగ్గర దారి, పరిహారం ఇవ్వలేమని ఉత్తరం పంపడం. ఆ ఉత్తరం ముందే అచ్చువేసి ఉండేది. పేరు నింపితే చాలు.

ఆ ఏడు ఏడుగురు పిల్లలు కంప్యూటర్ల గదిలో పడ్డారు. ఒక్క అమ్మాయి మాత్రం తలుపుల సార్ చేతికి చిక్కింది. ఆమె అన్న ఇంట్లో ఉండి చదువుకుంటోంది. "ఈ ఏడుతో అయిపోతుందిగా?" అని వదిన కూర వడ్డించినప్పుడల్లా అడుగుతోంది. శిక్షణ పూర్తయిందని సార్ సంతకం పెడితేనే కాలేజీ పట్టా ఇస్తుంది. పెట్టకపోతే ఆ వడ్డనలు ఇంకో ఏడాది.

రోజుకి నలభై ఫైళ్ళు మూసే కుర్రాడొకడు ఉండేవాడు, తుపాను అని పిలిచేవాళ్ళు. వాడు క్యాంటీన్లో ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఇవాళ ఎన్ని మూశావు?"

"రెండు."

"రెండా? పొద్దున్నించీ ఏం చేసినట్టు?"

"ఒక తలుపు గోధుమరంగు. ఇంకోటి ఎరుపు. కింద కుక్క గీకింది."

"అదీ రాయమన్నాడా ఆయన?"

"రాశాను. ఏ కుక్కో కనుక్కురమ్మన్నారు."

ఆరో వారానికి ఆమె కాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ రోజు పొద్దున్నించీ వాన. ఫైలు, ఊరి చివర బట్టలు కుట్టుకు బతికే ఒకావిడది. ఇల్లు అంటుకుంది. ఆధారాల కాగితాలు జతచేయలేదు. రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఆ అమ్మాయి వెళ్ళలేదు. అచ్చు ఉత్తరంలో పేరు నింపి సంచిలో పెట్టుకుని, సార్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"తలుపు ఏ రంగు?"

"నీలం సార్."

"ఏ నీలం?"

"ముదురు నీలం."

సార్ సిరాతో గడిలో 'ముదురు నీలం' అని రాశారు. రాసి, కలం మూత పెడుతూ ఆమె కాళ్ళవైపు చూశారు.

"పొద్దున్నించీ ఒకటే వాన కదమ్మాయ్."

"అవునండీ."

"నీ చెప్పులు పొడిగా ఉన్నాయి."

సార్ గొడుగు తీసుకున్నారు. "పద. అదెంత ముదురో నేనూ చూస్తాను."

వెళ్ళి చూస్తే అక్కడ తలుపే లేదు. కాలిన గుమ్మానికి దుప్పటి వేలాడుతోంది. లోపల మెడలో టేపుతో ఒకావిడ నల్లబడిన మిషను తుడుస్తోంది.

"ఇంకా ఏం కాగితాలు తెమ్మంటారయ్యా? ఉన్నవన్నీ ఆ బీరువాలోనే పెట్టుకున్నా" అంది. ఆవిడ చూపించిన మూల బీరువా లేదు, వంకర తిరిగిన రేకు ఉంది. అమ్మాయి భుజానికున్న సంచి ఉన్నట్టుండి బరువెక్కింది.

సార్ ఆమెవైపు చూడలేదు. "అమ్మాయ్, ఆవిడ టేపు తీసుకుని గుమ్మం కొలత తియ్యి" అన్నారు. కొలిచాక, "వీధిలో నిలబడు, వస్తా" అన్నారు. లోపల ఏదో మాట్లాడుతున్నారు. తన అబద్ధం గురించే అనుకుంది ఆమె. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నోరు తెరిచింది.

"సార్, నేను..."

"కడ్డీ పట్టుకో. మాట్లాడుతూ పడతావు."

ఆ ఫైలు మీద సార్ మేనేజరుతో మూడుసార్లు చీవాట్లు తిన్నారు, చివరికి పరిహారం ఇప్పించారు. శిక్షణ ముగిసిన రోజు ఆమె కాగితం మీద సంతకం పెట్టి, కింద 'తలుపులు చూసింది' అని రాశారు. ఉద్యోగం మాత్రం ఆమెకే కాదు, తుపానుకీ రాలేదు. మరుసటేడు ఇంకో ఎనిమిదిమంది వచ్చారు. కంపెనీలోకెల్లా నెమ్మదైన విభాగం ఆయనదేనని తేల్చి, సార్‌ని రెండేళ్ళ ముందే ఇంటికి పంపేశారు. వీడ్కోలు కానుక గోడ గడియారం. అది ఒక్కరోజూ నడవలేదు.

తర్వాతి వానల్లో ఆయన పోయారు. కంపెనీ నుంచి సంతాప ఉత్తరం వచ్చింది. అది కూడా ముందే అచ్చువేసిందే. పేరు నింపారు.

చూసి రావడానికి వెళ్ళిన ఆ అమ్మాయికి సార్ ఇంటి వరండాలో మెడలో టేపుతో కుట్టుపనావిడ కనిపించింది.

"నువ్వేనా ఆ నీలం పిల్లవి?" అంది ఆవిడ.

అమ్మాయి తలవంచుకుంది.

"డబ్బొచ్చాక తలుపు పెట్టించా. ఆకుపచ్చ వేద్దామనుకున్నానమ్మా. ఈయన రంగు డబ్బా పట్టుకుని దిగారు. 'ఫైల్లో ముదురు నీలం అని రాసేశాను తల్లీ' అన్నారు. కొట్టేసి రాసుకోండయ్యా అన్నా. 'కొట్టేస్తే ఎందుకని అడుగుతారు, ఆ పిల్ల పట్టా పోతుంది. తలుపు మారిస్తే ఎవరూ అడగరు' అన్నారు."

"మీరు ఒప్పుకున్నారా?"

"ఏం చెయ్యను. కాగితాలడగని మనిషి ఆయనొక్కడే. కానీ ఆ రంగు నాకిప్పటికీ నచ్చదు" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

ఒకరు చెప్పిన మాట మీద రంగు ఒప్పుకునేవారు కాదు సార్. అందుకని మర్నాడు ఆ అమ్మాయి వానలోనే రెండు బస్సులు మారి వెళ్ళింది. ముదురు నీలమే. కింది చెక్క మీద కుక్క గీకిన చారలున్నాయి.

ఏ కుక్కో కూడా కనుక్కుని వచ్చింది.