ఎదురు చెప్పే వరండా

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు పక్కన ఉంది మేముండే వృద్ధాశ్రమం. ఇక్కడ ముందు బ్లాకు, వెనక బ్లాకు అని రెండున్నాయి. ముందు బ్లాకులో ఎవరి గది వారిది, బయట పొడవాటి వరండా. వెనక బ్లాకులో వరుసగా మంచాలు, తలుపుకి బయటినుంచి గడియ. మతి తప్పుతున్నట్టు మేనేజరుకి అనిపిస్తే వెనక్కి మారుస్తాడు. అతను చెడ్డవాడేమీ కాదు. ఒకాయన గేటు దాటి పోయి లారీ కింద పడబోయినప్పటి నుంచి అతనికి భయం. వెనక్కి పోయినవాళ్ళు మళ్ళీ ముందుకి రావడం మాత్రం నేను చూడలేదు.

పొద్దున రాగిజావ తాగాక వరండాలో పేపరు విప్పుతాం. తలా ఒక షీటు. చదివినవాళ్ళు ఒక వార్త పైకి చెప్పాలి, మిగిలినవాళ్ళు ఎదురు చెప్పి తీరాలి. ఈ కట్టుబాటు పెట్టింది పుంగనూరాయన. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. "ఊఁ కొట్టేదానికి గోడలుండాయి. మనుషులు పోట్లాడాల," అనేవాడు.

పోట్లాడేవాళ్ళం. నాది టమోటా మండీలో గుమాస్తాగా అరిచి అరిచి పెంచిన గొంతు. కుప్పం టీచరమ్మది పిల్లల్ని బెంచీ ఎక్కించిన గొంతు. మదనపల్లె టైలరు భాయ్ తక్కువ మాట్లాడతాడుగానీ కత్తిరించినట్టు మాట్లాడతాడు. యుద్ధాలు, ఎన్నికలు, కాలువ నీళ్ళు, గ్యాసు ధర, దేన్నీ వదల్లేదు. మా మాటలకు ఈ దేశంలో గడ్డిపోచ కూడా కదలదని మాకు తెలుసు. కానీ మేనేజరు టీ గ్లాసు పట్టుకుని స్తంభం పక్కన నిలబడి వింటుంటాడు. వార్త పట్టుకుని గొడవ పడుతున్నవాడికి మతి ఉన్నట్టు లెక్క. మేం గొడవపడేది దేశం కోసం కాదు, ముందు బ్లాకులో గది కోసం.

జిల్లా కేంద్రం గురించి పడ్డంత గొడవ దేనికీ పడలేదు. మదనపల్లెకే ఇవ్వాలని కండక్టరు, ఇస్తే మనకేం ఒరుగుతుందని నేను. "మీరెట్లయినా కొట్టుకోండి, మా కుప్పం చిత్తూరుతోనే," అనేది టీచరమ్మ. చివరికి మదనపల్లె జిల్లా కేంద్రమైంది. ఆ రోజు కండక్టరు అందరికీ మైసూరుపాకు పంచాడు, నాకు మాత్రం రెండు ముక్కలు పెట్టి ఎగతాళి చేశాడు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున ఆయన తన షీటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "జిల్లా కేంద్రం మదనపల్లెకి ఇచ్చేదాకా ఇడిసిపెట్టకూడదప్పా. బస్సులు నిలిపేయాల," అన్నాడు.

టీచరమ్మ నోరు తెరిచింది. స్తంభం వైపు చూసి మూసుకుంది.

"అవునప్పా, ఇయ్యాల్సిందే," అన్నాడు భాయ్.

"ఇయ్యకుంటే ఊరుకుంటామా," అంది టీచరమ్మ.

నేనూ నిజమేనన్నాను.

కండక్టరు మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. టికెట్టు లేనివాణ్ణి పట్టుకునే చూపు అది. "ఏందప్పా, ఒగరూ ఎదురు సెప్పరే. ఏమైంది నాకు?" అన్నాడు.

ఆయన చెప్పిన వార్త పాతదని మేనేజరు పట్టించుకునేవాడో లేదో. మేం నలుగురం ఒక్కమాట మీద ఉండటాన్ని మాత్రం పట్టించుకున్నాడు. ఆ వరండాలో అట్లాంటిది అతనెప్పుడూ చూడలేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. కాపాడబోయి మేమే ఆయన్ను పట్టించాం. ఆ తర్వాతి వారం కండక్టరు పెట్టె, చెప్పులు వెనక బ్లాకుకి పోయాయి.

అక్కడికి పేపరు పోదు. ఒకరోజు నా షీటు తీసుకుని నేనే పోయాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"కేంద్రం యాడికి ఇచ్చినారు?" అని అడిగాడు.

"మదనపల్లెకే," అన్నాను. సంతోషపడతాడనుకున్నాను.

"అబద్దం సెప్తాండావు. ఈడికొచ్చినాంక నేనేమన్నా అందరూ ఊఁ అనేదే," అని ముఖం తిప్పుకున్నాడు.

నిజం చెప్పినా నమ్మించలేకపోయాను. వరండా దాకా నడిచొచ్చేలోగా ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం మిగిలిన ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం. ఇకమీదట ఎవరేం చెప్పినా, తప్పయినా ఒప్పయినా, ఎదురు చెప్పాల్సిందే. జాలిపడకూడదు. "నేను జాలిపడే మనిషినా అన్నా, నా దగ్గర చదివిన పిల్లల్ని అడుగు," అంది టీచరమ్మ. ఆమె మాట మీద నాకు గట్టి నమ్మకం కలిగింది.

మొన్న నా షీటులో టమోటా వార్త వచ్చింది. అది నా సొంత విషయం. బి.కొత్తకోట, వాల్మీకిపురం లోడ్లు ఒకేసారి దిగితే ధర ఎట్లా పడిపోతుందో, మండీలో ఎవరెట్లా ఆడిస్తారో అంతా విడమరిచి చెప్పాను. చెప్పేసి, ఇక రండి అన్నట్టు గొంతు సవరించుకుని కూర్చున్నాను.

భాయ్ తల పేపరులోకి దించేశాడు. టీచరమ్మ నావైపు చూసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"అవునన్నా," అంది మెల్లిగా. "నువ్వు చెప్పిందే రైటు."

స్తంభం దగ్గర మేనేజరు టీ తాగడం ఆపాడు. నేనేం తప్పు చెప్పానో నాకింకా తెలియదు.