ఓలివ్ తెల్ల ఫాక్స్‌గ్లవ్‌లు

ఓలివ్ టాప్‌స్కాట్ తోటలో, కాడ పొడవునా గంటల్లా వేలాడే ఫాక్స్‌గ్లవ్ పూలు తెల్లగానే పూయాలి. వాళ్లమ్మ నాటి నుంచీ అదే పట్టుదల. ఇంగ్లండ్‌లో, ఆ డెవన్ ప్రాంతంలో గట్ల మీద మొలిచేవన్నీ ఊదావే, వాటికి ఎవరి సాయమూ అక్కర్లేదు. తెల్లవి నిలవాలంటే మాత్రం మనిషి కనిపెట్టుకుని ఉండాలి. వేసవిలో విత్తు చల్లితే ఆ ఏడంతా ఆకులే; పువ్వు మళ్లీ జూన్‌కి గానీ రాదు. ఈలోగా మొక్క మొక్కనీ తిరగేసి చూడాలి. ఆకు కాడకి ఊదా జీర ఉంటే అది పూసేదీ ఊదాయే, పీకెయ్యాలి; పచ్చగా ఉంటే తెల్లది, ఉంచాలి.

పక్కింటి బెరిల్ అరవై దాటాక రెండో పెళ్లికి సిద్ధమైంది. పెళ్లికొడుకు రొట్టెల కొట్టు సిరిల్.

"చర్చి నిండా నీ తెల్ల పూలే ఉండాలే ఓలివ్! మొదటి పెళ్లి యుద్ధం రోజుల్లో అయిందా, పూలు దొరక్క చేతిలో ఇంత పార్స్లీ ఆకు పెట్టారు, ఉడికించిన చేపకి పెట్టినట్టు."

"ఇప్పుడు చల్లితే వచ్చే జూన్‌కే పూసేది. ఆగుతావా?"

"సిరిల్ నోరు తెరిచి అడగడానికే ఆరేళ్లు పట్టింది. ఇంకో ఏడాదికి ఏం పోయింది?"

ఆకురాలే కాలంలో ఓలివ్ మొక్కలు ఏరింది. అప్పటికే చూపు మసకేసింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే తోట మానెయ్యమంటారని భయం. పచ్చ అనుకున్నవి వరుసలుగా నాటి, ఊదా అనుకున్నవి చివరనున్న ఎరువు కుప్ప మీద పారేసింది.

పెళ్లి వారం ఉందనగా కాడల కింది గంటలు విచ్చాయి. ఓలివ్ ముఖం ఆనించి మరీ చూసింది. వరుసకి వరుసంతా ఊదా. అమ్మ కాపాడిన తెలుపు తన చేతుల్లోనే పోయింది. తిన్నగా బెరిల్ ఇంటికెళ్లి, కళ్ల సంగతితో సహా అంతా చెప్పేసింది.

"మొద్దు మొహమా! మొన్న తీగ మీద ఆరేసిన నా కోటుకి గుడ్ మార్నింగ్ చెప్పినప్పుడే అనుకున్నా," అంది బెరిల్. "పద, చూద్దాం."

తోట చివర ఎరువు కుప్ప మీద తెల్లగా ఏదో ఊగుతోంది.

"నీ దుప్పటి ఎగిరొచ్చి పడినట్టుంది, తీసుకో," అంది ఓలివ్.

"దుప్పటి కాదే తల్లీ! పూలు!"

పారేసినవి కుప్పలోనే వేళ్లూని, మనిషెత్తు పెరిగాయి. ఐదారు కాడలు, పాల తెలుపు. ఓలివ్ కత్తెర తీసింది.

"ఇవైనా నీ చేతికి ఇస్తాను."

బెరిల్ ఆ చెయ్యి పట్టుకుంది. "కోస్తే విత్తనమేదీ?"

"ఉంచినా ఏం లాభం? తేనెటీగ ఆ ఊదా పూల మీంచి వచ్చి వీటి మీదే వాలుతుంది, విత్తనంలో ఊదా కలిసిపోతుంది."

"అయితే ఆ ఊదావన్నీ కోసి నాకివ్వు. ఒక్కటీ మిగల్చకు."

"పెళ్లికి ఊదానా?"

"నా వయసుకి తెలుపేంటే, జనం నవ్వరూ? సిరిల్‌కి రంగులు తెలియవు. బుట్టలో బన్ను కనబడితే చాలు."

పెళ్లినాడు పొద్దున్నే ఇద్దరూ కోసి బాల్చీల్లో నిలబెట్టారు. చర్చిలో గుమ్మం దగ్గర్నుంచీ ఊదా గంటలే. తోటలో తెల్లవి మాత్రం మిగిలాయి.

వాటి విత్తనం ఆ వేసవిలోనే చల్లారు. ఆకురాలే కాలం వచ్చినా, ఆపరేషన్‌కి పేరిచ్చిన కంటి ఆసుపత్రి నుంచి ఓలివ్‌కి ఇంకా పిలుపు రాలేదు. గట్ల మీదిదీ, పెళ్లి ముందు వారం తోటలో పూసినదీ, ఊదా ఎలాగూ కొంత కలిసే ఉంటుంది, ఏరక తప్పదు. బెరిల్ మోకాళ్ల మీద కూర్చుని మొక్కలు తిరగేస్తోంది.

"ఇది పచ్చ. ఇదీ పచ్చే. ఇది... కొంచెం ఊదానేమో."

"కొంచెం ఏంటే? వెలుగులోకి పెట్టి సరిగ్గా చూడు."

"చూస్తున్నాగా! మీ అమ్మ కూడా నిన్ను ఇలాగే తినేసిందా?"

"ఇంతకంటే ఎక్కువే," అంది ఓలివ్, పక్క మొక్క తడుముతూ.