పిట్ట సినిమా, మా అమ్మాయి బాప్తిస్మం

మా సంఘంలో బాప్తిస్మం అడిగినవాళ్ళని పెద్దలు ముందు కూర్చోబెట్టి పరీక్ష చేస్తారు. కాగితం, కలం ఉండవు కాబట్టి, ఏడో తరగతిలో బడి మానేసిన నాలాంటివాడు గట్టెక్కిన పరీక్ష అదొక్కటే. యేసుని రక్షకుడని ఒప్పుకున్నావా, సారా మానేశావా, చుట్ట మానేశావా, ఇలా నడుస్తుంది. ఆఖర్న సినిమాల సంగతి వస్తుంది. ఆ ప్రశ్న అడిగేటప్పుడు మా సంఘపెద్ద తలకాయ ముందే అడ్డంగా ఊగుతూ ఉంటుంది. ఎదుటివాడు ఆ ఊపు పట్టుకుని తనూ ఊపుతాడు. అందరూ ఊపేసి, బయటికొచ్చి, టీ తాగుతారు. దాన్ని అబద్ధమని మాలో ఎవరూ అనుకోరు. హిందువుల పెళ్ళిలో పట్టపగలు అరుంధతి నక్షత్రం కనబడిందని కొత్త దంపతులు తలూపినట్టే అదీను.

మా అమ్మాయి మాత్రం తల నిలువుగా ఊపింది.

అప్పుడు దానికి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. చర్చి పక్కగదిలో పెద్దలు బల్లకి అటు, అది ఇటు. నేను తలుపు దగ్గర బెంచీ మీద ఉన్నాను. సంఘపెద్ద నా భార్యకి మేనమామ, నాకూ మావే. రైల్వేలో గేటు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఎవర్ని ఆపాలో ఎవర్ని వదలాలో ఆయనకి ఉద్యోగం నాటి అలవాటు.

"సూస్తాను తాతా" అంది మా అమ్మాయి.

మావ తల ఇంకా అడ్డంగానే ఊగుతోంది. ఆపడం మర్చిపోయాడు.

"ఏటి సూస్తావు?"

"పిట్ట సినిమా సూసేను. దాని పుస్తకం కూడా సదివేను. పుస్తకమే బాగున్నాది."

పిట్ట సినిమా అంటే ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చింది. అసలు పేరు వేరే ఉంది గానీ మా ఆమదాలవలసలో ఆ పేరు తిరిగే నోరు లేక పిట్ట సినిమా అన్నారు. ఒక మంత్రగత్తె ఒక కుర్రాణ్ణి పిట్టని చేసేస్తుంది. వాడి అక్క వాణ్ణి వెతుక్కుంటూ పోయి, వాడి ప్రాణం నిలబెట్టడానికి తన గొంతు ఇచ్చేస్తుంది. పిట్ట దొరుకుతుంది. కానీ పిట్టకి అక్క ఎవరో తెలియదు, పిలుద్దామంటే ఈ పిల్లకి గొంతు లేదు. ఇదంతా మా అమ్మాయి బడి నుంచి తెచ్చుకున్న లావుపాటి పుస్తకంలో చదివి, రోజూ నా ఆటోలో బడికి పోతూ నాకు చెప్పేది. నేను ఒకటి రెండు సార్లు స్టేషను దారి తప్పించి చుట్టూ తిప్పాను, కథ మధ్యలో తెగిపోకూడదని.

పైగా ఆ సినిమా వచ్చినప్పుడు మైకు కట్టుకుని ఊళ్ళమ్మట "నేడే చూడండి" అని తిరిగినవాణ్ణి నేనే. మావ ఆ సంగతి వదల్లేదు.

"ఒరే, ఆ సినిమాకి ఊరంతా అరిసింది నువ్వే కదేటి?"

"నానే మావా. మన చర్చి ఉజ్జీవ కూటాలకి అరిసిందీ నానే. గొంతు ఒకటే, కిరాయిలే వేరు."

ఎవరూ నవ్వలేదు. చర్చి పక్కగదిలో నా హాస్యం ఎప్పుడూ పండదు, గాలి ఆడదు అక్కడ.

మావ తీర్పు చెప్పాడు. మంత్రాలు, మాయలు దేవుడు అసహ్యించుకున్న పనులు. కాబట్టి ఆ పుస్తకం చదవడం, సినిమా చూడడం పాపమని పిల్ల సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. రెండో భాగం వస్తోందట, అది చూడనని కూడా చెప్పాలి. అప్పుడే నీళ్ళలోకి.

"సూడొద్దంటే మానేస్తాను తాతా" అంది అది. "పాపమని మాత్రం సెప్పలేను. నాకలాగనిపించలేదు. అనిపించంది సెప్తే అబద్ధ సాక్ష్యం అయిపోదేటి?"

మావ నా వైపు చూశాడు. ఈ మాటలు నేనే నేర్పానన్నట్టు. నాకు అంత తెలివుంటే ఎనిమిదో తరగతి చదివేవాణ్ణి.

ఇంటికొచ్చాక నా భార్య, కుట్టించి తెచ్చిన తెల్లబట్టలు మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. ఏడవలేదు గానీ మడతలు గట్టిగా నొక్కింది.

"నీ పోలికే. నోరు మూసుకోమంటే మూసుకోదు."

"నా పోలికైతే తల అడ్డంగా ఊపేసి, టీ తాగేసి వచ్చీది."

అమ్మాయి నవ్వలేదు. దానికి బాప్తిస్మం ఆటగా లేదు. ప్రతి నెలా ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం, రొట్టె పళ్ళెం వాళ్ళమ్మ దాకా వచ్చి, దాని మోకాళ్ళ మీదుగా దాటి, అటుపక్క కూర్చున్నావిడకి వెళ్ళిపోయేది. బాప్తిస్మం లేనివాళ్ళు తీసుకోకూడదు. చిన్నప్పుడు ఆకలి వల్ల చూస్తోందనుకునేవాణ్ణి. తర్వాత అర్థమయ్యింది, అది ఆ పళ్ళేన్ని రైలు వెళ్ళిపోయాక పట్టాల్ని చూసినట్టు చూస్తోందని.

నేను మావ దగ్గరికి వెళ్ళాను. మా క్రిస్మస్ నాటకాలన్నీ ఆయనే రాసి ఆడిస్తాడు. వాటిలో సాతాను వేషం ఎప్పుడూ నాది. కొబ్బరిపీచు తోక, మసి పూసిన మొహం. పిల్లలు నన్ను చూసి కెవ్వుమంటే ఆయన తెరచాటున మురిసిపోతాడు.

"మావా, గుడిలో నన్ను సాతాన్ని సేసి నిలబెడితే పాపం కాదు. హాల్లో మంత్రగత్తె నిలబడితే పాపమెలాగయ్యింది?"

"నువ్వు ఓడిపోతావు కదరా సివరికి."

"ఆవిడా ఓడిపోతాది మావా."

"ఎవల సేతిలో?"

"ఆ గుంట సేతిలో. పిట్ట అక్క."

"అదీ సంగతి. మన నాటకంలో దేవుడి సేతిలో ఓడిపోతావు. అక్కడ దేవుడే లేడు. ఒక గుంట, ఒక పిట్ట. దేవుడు లేకండానే గెలిసీవొచ్చని పిల్లలకి అలవాటైతే మనం మైకులో ఎంత అరిస్తే ఏటి లాభం?"

వెటకారం చేద్దామని వెళ్ళినవాడికి అవతలివాడు నిజంగా ఆలోచించిన మాట చెబితే ఎంత ఇబ్బందో నాకు ఆ రోజు తెలిసింది. ఆటో స్టాండుకొచ్చి ఈ మాట మా పక్క బండివాడికి చెప్పాను. వాడు ఆంజనేయస్వామి మాల వేసుకుని ఉన్నాడు.

"మా గురుస్వామీ అదే అన్నాడు బావా. మన పురాణాలుండగా పరాయి మంత్రాలేటి అని" అన్నాడు వాడు. "మీకూ మాకూ ఒకటే సినిమా పడకపోడమే మన ఐకమత్యం."

ఇంకా గందరగోళం అయిపోయింది నాకు. ఇంతమంది కాదంటే ఏదో ఉండే ఉంటుంది అనిపించింది. మళ్ళీ ఆటోలో దాని గొంతు గుర్తొచ్చి, ఏముంటుంది అనిపించింది.

అప్పుడే టీవీలో ప్రకటన మొదలైంది. రెండో భాగం వస్తోందని, వచ్చే ఆదివారం మధ్యాహ్నం మొదటి భాగం వేస్తున్నారు. ఆ ఆదివారం భోజనానికి మా ఇంటికి పాస్టరుగారు రావాల్సిన వంతు. అయ్యగారు సముద్రపొడ్డున చేపల వేటకి పోయే ఇంట్లో పుట్టి, కుర్రతనంలో మా మతంలోకి వచ్చినాయన. తక్కువ మాట్లాడతారు. భోజనమయ్యాక చెయ్యి తుడుచుకుంటూ, "ఆ పిట్టదేదో ఈ రోజే వస్తాదట కదా" అన్నారు. "టీవీ పెట్టు. సూడకండా తీర్పెలా సెప్పడం?"

నా భార్య ఎండ అన్న వంకతో కిటికీలు మూసేసింది. ఆయన తన బైబిలు సంచి ఆమెకిచ్చి, "లోపల గదిలో పెట్టమ్మా" అన్నారు.

చాలాసేపు ఆయన పరీక్ష చేసే మొహంతోనే చూశారు. మంత్రగత్తెకి తెలుగు గొంతు అరువిచ్చినావిడ "ఓసి మానవ బాలికా" అన్నప్పుడల్లా నాకు నవ్వు ఆగలేదు.

"ఈవిడ మంచిదా సెడ్డదా?" అన్నారు అయ్యగారు.

"రెండో భాగంలో తెలుస్తాదండి" అంది అమ్మాయి.

"అంతదాకా ఎందుకు దాసేరు?"

"టిక్కెట్టు కోసమండి" అన్నాను నేను.

తర్వాత ఆ పిట్ట ఘట్టం వచ్చింది. అక్క రోజూ అరచేతిలో గింజలు పెట్టుకుని కూర్చుంటుంది. పిట్ట వస్తుంది, తింటుంది, ఆమె మొహం వైపు చూడదు, పోతుంది. మళ్ళీ మర్నాడు. మాటలేమీ లేవు. పక్కకి చూస్తే అయ్యగారు కండువాతో మొహం ఒత్తుకుంటున్నారు. నా భార్య నన్ను మోచేత్తో పొడిచింది. పరీక్ష పాసైపోయామని ఇద్దరం అనుకున్నాం.

సబ్బు ప్రకటన రాగానే ఆయన లేచారు.

"ఇది పిల్లలు సూడకూడదు" అన్నారు.

"అదేటండి, మీరు..." అన్నాను.

"అందుకే సెప్తన్నాను. మొన్న మంచి శుక్రవారం సిలువ మీద మాటలు నేనే సెప్పేను. ఏటేటా సెప్తన్నాను. కంట్లో సుక్క రాలేదు. లేని పిట్ట కోసం ఇక్కడ కూకుని ఏడిసేను. అక్కడ రాని నీళ్ళు ఇక్కడొచ్చేయంటే, నా బుద్ధి ఎక్కడున్నట్టు?"

నా హాస్యమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. మంత్రాలు పాపమంటే వాదించొచ్చు. ఏడిపించింది కాబట్టి చూడకూడదంటే ఏం వాదించను? అమ్మాయి మాత్రం ఆయన్నే చూస్తోంది.

"అయ్యగారూ, ఏడిసినప్పుడు మీకు ఎవలు గుర్తొచ్చేరండి?"

నా భార్య దాని జబ్బ గిల్లింది. అయ్యగారు గోడవైపు చూస్తూ చెప్పారు.

"మా తమ్ముడు. నేను బాప్తిస్మం తీసుకున్నాక మాట లేదు. పండగలకి ఊరెళ్తాను. ఒడ్డున వల బాగుసేసుకుంటా ఉంటాడు. పక్కనే నిలబడతాను. తలెత్తడు."

"అయితే పిట్ట లేంది కాదు కదండి" అంది అది.

ఆయన సంచి తీసుకుని వెళ్ళిపోయారు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. సినిమా ఇంకా నడుస్తూనే ఉంది. మేము ముగ్గురం చూడాలో ఆపాలో తెలియక, శబ్దం తగ్గించి కూర్చున్నాం.

ఆ వచ్చే ఆదివారం ఆరాధనలో బాప్తిస్మం తీసుకునేవాళ్ళ పేర్లు అయ్యగారు చదివారు. మా అమ్మాయి పేరు అందులో ఉంది. సాక్ష్యం మాటే ఎత్తలేదు. మావ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నాకేం తెలుసని చూడడం? బయటికొచ్చాక అయ్యగారిని పట్టుకున్నాను.

"అయితే సినిమా సూడొచ్చాండి?"

"సూడకూడదు."

"మరి అమ్మాయి పేరు సదివేరు."

"సదివేను."

"రెండూ ఎలాగ కుదురుతాయండి?"

"నాకూ తెలీడం లేదు" అన్నారాయన. పాస్టరు నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. "అబద్ధం సెప్పనందుకు పిల్లని ఒడ్డున నిలబెట్టి, తలలూపినోళ్ళని నీళ్ళలోకి ఎలాగ దింపగలను?"

వేసవిలో మా నాగావళిలో నీళ్ళుండవు. మా బాప్తిస్మానికేమో మనిషి పూర్తిగా మునగాలి. అందుకని ముందురోజు సాయంత్రం సంఘం కుర్రాళ్ళు గునపాలు, పారలు తీసుకెళ్ళి, సన్నగా పారే పాయ పక్కన ఇసకలో నడుంలోతు గొయ్యి తవ్వుతారు. తెల్లారేసరికి ఊట నీరు నిండుతుంది. అలా తవ్విన నీళ్ళలోనే నేనూ మునిగాను.

పొద్దున్నే అందరూ ఒడ్డున పాట అందుకున్నారు. తెల్లబట్టలు పెట్టెలోంచి వచ్చాయి, నొక్కిన మడతలు మాత్రం పోలేదు. ఒక్కొక్కళ్ళూ దిగుతున్నారు. అయ్యగారు "నమ్ముతున్నావా" అంటారు, వాళ్ళు "నమ్ముతున్నాను" అంటారు, ముంచుతారు, లేస్తారు. నేను తువ్వాలు పట్టుకుని గొయ్యి అంచునే నిలబడ్డాను.

మా అమ్మాయి దిగింది. అయ్యగారు అడగాల్సింది అడిగారు, అది చెప్పాల్సింది చెప్పింది. ఆయన చెయ్యి దాని వీపు వెనక పెట్టి, ముంచకుండా ఆగారు. ఒడ్డున పాట సాగుతోంది కాబట్టి ఎవరికీ వినబడలేదు, నాకు తప్ప.

"పుస్తకం అంతా సదివేవు కదా. ఆఖరికి ఆ పిట్ట అక్కని గుర్తుపడతాదా?"

"పడదండి" అంది అది, నీళ్ళలో వణుకుతూ. "కానీ ఆవిడ గింజలు పెట్టడం మానదు. పుస్తకం అక్కడితో అయిపోతాది."

ఆయన ఒకసారి తలూపారు, నిలువుగానే. తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు అని మొదలుపెట్టి ముంచేశారు. అది పైకి లేచి ముక్కులో నీళ్ళు పోయి దగ్గింది. తువ్వాలు కప్పాను. వాళ్ళమ్మ వచ్చి తల తుడిచింది.

మావ ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు.

"ఒరే, అందరూ ఒక్క మాటలో తేల్చేసేరు. ఈ గుంట అంతసేపు ఏటి మాటాడింది?"

"సాక్ష్యం సెప్పింది మావా" అన్నాను.

మావ తలూపి వెళ్ళిపోయాడు. ఆయనతో అబద్ధం చెప్పానో నిజం చెప్పానో నాకే తెలియలేదు. అమ్మాయిని అడుగుదామంటే, అది గొయ్యిలోంచి పైకొస్తున్న అయ్యగారికి చెయ్యి అందిస్తోంది.