ఐలీ కాలేజీ ఖర్చు

మా తమ్ముడి భార్య ఐలీకి ఒక పిచ్చి ఉంది. ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా పిలవకుండానే వెళ్ళి మంచం పక్కన కూర్చుంటుంది. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్ళో ఆరు నెలలు మంచే. ఆ మంచులో కూడా బూట్లు తొడుక్కుని, సూపు గిన్నె పట్టుకుని బయల్దేరుతుంది. ఇరవయ్యేళ్ళుగా వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతుకుతోంది. ఆ దుప్పట్లు కప్పుకుని పడుకున్నవాళ్ళను చూసుకోవాలని, అంటే నర్సు కావాలని తన కోరిక. నలభై దాటేదాకా ఆ మాట నోరు తెరిచి చెప్పలేదు, మహాతల్లి.

కిందటి ఏప్రిల్లో మా జిల్లా కమ్యూనిటీ కాలేజీలో ఐలీకి నర్సింగ్ సీటు వచ్చింది. నేను ఊరంతా చాటింపు వేశాను. చేరేదీ లేనిదీ సోమవారంలోగా చెప్పాలన్నారు. శుక్రవారానికల్లా ఐలీ మొహం మాడిపోయింది. రానని చెప్పేస్తానంది. ఎందుకే అంటే డబ్బు చాలదంది. ఫీజంతా ప్రభుత్వ గ్రాంటులో పోతుందని నువ్వేగా చెప్పావని నిలదీస్తే, ఫీజు ఒక్కటే అయితే ఇంకేం వదినా అని నిట్టూర్చింది. నాకు ఒళ్ళు మండింది. వివరంగా చెప్పమంటే కాయితాలు సొరుగులో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు శనివారం. శనివారం మావాళ్ళకి సావ్నా రోజు, అంటే ఆవిరి స్నానాల రోజు. ముందు ఆడవాళ్ళం, తర్వాత మగవాళ్ళు. మా తాతలు ఫిన్లాండు నుంచి ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్న అలవాటు. పెళ్ళి మాటలైనా, పొలం అమ్మకమైనా మా ఇళ్ళల్లో తేలేది ఆ ఆవిరి గదిలోనే. అక్కడికి కాయితం తీసుకెళ్తే తడిసి ముద్దవుతుంది కాబట్టి ఏదైనా నోటితోనే చెప్పాలి. తప్పించుకుపోవడానికి కూడా ఉండదు.

"ఇప్పుడు చెప్పవే, నీ లెక్కేమిటో," అన్నాను కాలిన రాళ్ళమీద చెంబెడు నీళ్ళు పోస్తూ.

ఐలీ మొదలెట్టింది. ఏడాదికి మొత్తం పందొమ్మిది వేల డాలర్లవుతుందని కాలేజీవాళ్ళే లెక్క వేసి పెట్టారట. ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, పెట్రోలు, ఇంటద్దె, తిండి అన్నీ అందులో ఉన్నాయట. దానికి తన ఇంటి ఖర్చులు కలిపింది. కరెంటు, పొయ్యికి కట్టెలు, ఇంటి పన్ను, నెల సరుకులు. క్లాసులున్న రోజుల్లో పనికి వెళ్ళలేదు కనుక సగం జీతం తీసేసింది. అన్నీ కలిపితే కొండంత లోటు తేలింది.

బయట బట్టలు మార్చుకునే గదిలో మా తమ్ముడు రైనో తన వంతు కోసం బీరు తాగుతూ కూర్చున్నాడు. మధ్యలో ఉన్నది చెక్క గోడే. మావాడికి లెక్కలు రావు గాని తిండి మాట ఎంత దూరాన ఉన్నా వినబడుతుంది.

"ఏమేవ్," అన్నాడు గోడ అవతల నుంచి, "కాలేజీలో చేరాక రాత్రిపూట రెండుసార్లు భోంచేస్తావా?"

నోర్మూసుకుని కూర్చోమన్నాను.

"అది కాదు హెల్మీ అక్కా. కాలేజీ లెక్కలోనూ తిండి ఉంది, మనింటి లెక్కలోనూ తిండి ఉంది. ఒక్క మనిషి ఎన్నిచోట్ల తింటుంది? ఆ రెండోది నాకు పెడితే నేనేం వద్దనను."

మరి అద్దె సంగతేమిటని నేనందుకున్నాను. ఆ ఇల్లు మా నాన్న కట్టింది, దానికి అద్దె ఎవరికి ఇస్తుందట? కాలేజీవాళ్ళు చెప్పింది ఏడాది పాటు ఒక మనిషి బతుకుతూ చదువుకోవడానికయ్యే మొత్తం. అదంతా వాళ్ళ ఫీజు కౌంటరు దగ్గర కట్టాల్సిన బిల్లనుకుంది మా ఐలీ. ఫోన్ చేసి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. మావాళ్ళకి అడగడమంటే నామోషీ. దారి తప్పినా సరే, పెట్రోలు అయిపోయేదాకా తిరుగుతారు గాని కారాపి ఎవర్నీ అడగరు.

వంటింట్లో తడి తలలతో కూర్చుని, కాఫీ, యాలకుల రొట్టె ముందు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచీ లెక్క వేశాం. అద్దె పోయింది, రెండో తిండి పోయింది, ఫీజు గ్రాంటులో పోయింది. పుస్తకాలు, యూనిఫారం, రోజూ డెబ్భై మైళ్ళ పెట్రోలు, కాలేజీవాళ్ళకి తట్టని, మంచులో జారని టైర్లు మిగిలాయి. శని, ఆదివారాలు ఉతికే పని ఉంచుకుని, కొత్త ట్రక్కు కోసం రైనో దాచింది కాస్త తీస్తే బండి లాగించవచ్చు. పాత ట్రక్కు తలుపు తాడుతో కట్టుకుంటానని రైనో తనంతట తనే అన్నాడు. వాణ్ణి పుట్టినప్పటి నుంచి తిడుతున్నాను గాని, ఆ పూట ముద్దొచ్చాడు.

ఐలీ మాత్రం నవ్వలేదు. ముందున్న కాఫీ ముట్టుకోలేదు.

"డబ్బు చాలదనుకున్నప్పుడే నయంగా ఉంది వదినా," అంది. "సరిపోతుందని తేలాక భయమేస్తోంది. అక్కడంతా పద్దెనిమిదేళ్ళ పిల్లలు. నా బుర్రకి ఎక్కకపోతే?"

రైనో రొట్టె నమలడం ఆపాడు.

"భయపడితే క్లాసులో కూర్చుని భయపడు. ఇంట్లో కూర్చుని భయపడినా తిండి ఖర్చు అంతే కదా," అన్నాడు.

ఐలీ ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత ముక్కు చీదుకుని ఫోను తీసుకుంది. కళ్ళు తుడుచుకున్న తడి వేళ్ళకి అది ఓ పట్టాన పలకలేదు. వేళ్ళు నా తువ్వాలుకి తుడుచుకుని, కాలేజీకి వస్తున్నానని తెరమీద నొక్కింది.