అంగిలి మీద పుండు, చేతిలో కొబ్బరిబొండం

కింది పళ్ల చిగురు జారిపోయి వేళ్లు బయటపడ్డాయని, పైన అంగిలి నుంచి గోరంత కండ కోసి అక్కడ అతికించారు పంజగుట్టలోని డాక్టరుగారు. అతికించినచోట పెద్ద నొప్పి లేదు. కోసినచోటే నరకం చూశాను.

"వారం దాకా స్ట్రాతో ఏదీ తాగొద్దు. పీల్చారంటే గడ్డకట్టిన రక్తం ఊడొచ్చేస్తుంది," అని ఆవిడ రెండుసార్లు చెప్పారు. పుండుకు కాపుగా పలచటి ప్లాస్టిక్ పలక ఒకటి చేయించి ఇచ్చారు.

నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పి బతుకుతాను. ఇక్కడ మొదటి క్లాసు ఉచితం, దాన్ని డెమో అంటారు. పిల్లలు విని నచ్చితే చేరతారు, లేకపోతే పక్క బిల్డింగు మెట్లెక్కుతారు. అంతకుముందు నా డెమోలు రెండు తేలిపోయాయి. సోమవారంది కూడా పోతే బ్యాచ్ నా తోటి మాస్టారికి ఇచ్చేస్తానని యజమాని మొహం మీదే చెప్పాడు.

గురువారం కోత. నాలుగు రోజులు నోరు విప్పకుండా చల్లటి పెరుగన్నం మెత్తగా పిసుక్కుని మింగాను. అద్దంలో చూస్తే అంగిలి మీద తెల్లటి పొర. చీము పట్టిందేమోనని హడలిపోయి డాక్టరుగారికి ఫోన్ చేస్తే, పుండు మానుతోందన్నారు. నా జన్మలో దేన్నీ ఆ పొరంత భద్రంగా చూసుకోలేదు.

సోమవారం పొద్దున, పలక ఉంటే మాట స్పష్టంగా రావడం లేదని తీసి జేబులో వేసుకున్నాను. మెట్రో మెట్ల దగ్గర ఆ తోటి మాస్టారే ఎదురయ్యాడు. అప్పటికే రెండు బొండాలు కొట్టించి, స్ట్రాలు వేయించి పట్టుకుని ఉన్నాడు.

"తాగన్న. జర గొంతు సల్లగైతది. మస్తు సేపు మాట్లాడాలె గద."

"వద్దండీ, నోట్లో పుండు..."

"గందుకే తీస్కున్న. పుండుకు సుత మంచిది. ఏం ఫికర్ లేదు."

స్ట్రా వద్దు అన్న రెండు ముక్కలు నాలిక చివరిదాకా వచ్చాయి. ప్రేమగా ఇచ్చినవాడి ముందే స్ట్రా తీసి పారేస్తే ఏమనుకుంటాడోనని మింగేశాను. మొహమాటానికి పోతే కడుపయిందట. అడుగున గుర్రుమని చప్పుడొచ్చేదాకా పీల్చాను.

బోర్డు మీద మొదటి లైను రాసేలోపే నోట్లో వెచ్చగా, ఉప్పగా ఊరింది. పిల్లలవైపు తిరిగి మాట్లాడబోతే చొక్కా మీద ఎర్రగా కారింది. ముందు వరసలో అమ్మాయి కుర్చీ వెనక్కి జరుపుకుంది. తోటి మాస్టారు పరిగెత్తుకొచ్చి నన్ను పక్క గదిలో కూర్చోబెట్టి, నా చేతిలోని మార్కర్ తీసుకుని వెళ్లాడు. తడి గుడ్డ అంగిలికి అదిమిపెట్టుకుని, గోడ అవతలి నుంచి వాడి పాఠమంతా విన్నాను. బాగా చెప్పాడు, వెధవ. నవ్వించాడు కూడా. బ్యాచ్ వాడిదైంది.

నెల తిరిగేసరికి అంగిలి నున్నగా మానింది. కోపం మానలేదు.

మొన్న వాడే అడిగాడు. "అన్నా, గా దినం నెత్తురెందుకొచ్చింది? నాకిప్పటికీ సమజైతలేదు."

నిజం చెబితే ఆ క్షణమే బ్యాచ్ తిరిగిచ్చేసే రకం వాడు. అందుకే వాడంటే నాకు మరీ ఒళ్లు మంట.

"ఏమో, వేడి చేసిందేమో," అన్నాను.

"వేడికి కొబ్బరినీళ్లే మందన్న," అంటూ చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాక్కుపోయాడు. రెండు బొండాలు కొట్టించాడు, రెండు స్ట్రాలు వేయించాడు.

నేను తాగాను.